బాబాయి ఖాళీ మణికట్టు

ఆ వానాకాలం ఊళ్ళో ఆడవాళ్ళు మా నాన్నను దొంగను చూసినట్టు చూడటం మొదలుపెట్టారు. అందరూ కాదు, ముగ్గురే. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరు దగ్గర కూర్చునే మనిషికి, లోకమంతా తన మీద పగబట్టిందనుకోవడానికి ముగ్గురు చాలు.

మాది వాచీలు బాగుచేసే షాపు. ఒక పొడుగాటి గదిని చెక్కల అడ్డగోడతో రెండు ముక్కలు చేసి, ఇటు ముక్కలో మేము, అటు ముక్కలో బాబాయి ఫోటో స్టూడియో. రెండేళ్ళ క్రితం నాన్న చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి పనిబల్ల నాది, కౌంటరు ఆయనది. వాచీ బాగుచేశాక వెనక మూత లోపల సూదితో ఒక గుర్తు గీకడం మా ఇంటి అలవాటు. నాన్నది చుక్క, నాది గీత. బయటికి కనిపించదు. మూత తెరిస్తే ఆ వాచీ ఎన్నిసార్లు మా చేతికొచ్చిందో, ఎవరు బాగుచేశారో మాకు తెలిసిపోతుంది. బాగుచెయ్యని వాచీకి గుర్తు పెట్టకూడదని నాన్న నాకు మొదటి రోజే చెప్పాడు.

ఆ ముగ్గురిలో నా కంట మొదట పడింది హెడ్ నర్సు. యాభైకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. చెంపల మీద మాస్కు తాళ్ళు నొక్కుకున్న గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నాన్న చెయ్యి చాపితే ఆయన చేతికివ్వకుండా, ఆయన తల మీదుగా వంగి వాచీ నా బల్ల మీద పెట్టింది.

"శుభ్రం చేసి కొత్త బెల్టు వెయ్యమ్మా. ఒకరికి ఇవ్వాలి."

"పాత వాచీలా ఉందే. ఎవరిదమ్మా?" అన్నాడు నాన్న సరదాగా.

"మా నాన్నది. తండ్రి వాచీ విలువ కొందరికే తెలుస్తుంది లెండి. కొందరు తోడబుట్టినవాళ్ళకి దక్కకుండా మింగేస్తారు."

నాన్న జాలిగా తలూపాడు. "నిజమేనమ్మా. అలాంటి వెధవలు కూడా ఉంటారు."

ఆవిడ ఆయన్ను చూసిన చూపుకి గోడ మీద గడియారాలన్నీ ఒక్కసారి ఆగిపోవాల్సింది. "సిగ్గు కూడా లేదు," అని గొణుక్కుంటూ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నాన్న నా వైపు తిరిగి, "ఎవర్ని అంటోందే?" అన్నాడు.

అదే వారంలో లైబ్రరీ మేడం వచ్చి, నాన్న కుర్చీ చూపిస్తే, "మీ దగ్గర ఏదీ తీసుకోవడం మంచిది కాదట," అని నిలబడే మాట్లాడింది. కోర్టులో టైపు చేసే ఆవిడ రాను కూడా రాలేదు. ఎదురుగా బస్టాపులో నిలబడి మా బోర్డును పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివేది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఈ గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మీరేం చేశారో గుర్తు తెచ్చుకోండి," అంది అమ్మ.

"నేనేం చెయ్యలేదే!"

"అదేగా మీ జబ్బు. మీకు దొంగతనం చాతనైతే మనం ఈపాటికి మేడలో ఉండేవాళ్ళం."

బాబాయి మాత్రం తల కంచంలో పెట్టుకుని తింటున్నాడు. ఆ ఉక్కలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకున్నాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు. వస్తే ఈ కథ అక్కడే అయిపోయేది.

మా బాబాయికి యాభై నాలుగు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే "ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండకూడదు" అనేవాడు. వినడానికి బావుంటుంది, అందులో అర్థం ఏమీ లేదు. ఫోన్లు వచ్చాక స్టూడియోలో ఈగలు తోలుకునేవాడు. ఆ ఏడు మాత్రం ప్రభుత్వం ఉద్యోగులందరికీ కొత్త గుర్తింపు కార్డులంది. ఉద్యోగులంతా ఫోటోలకు ఎగబడ్డారు. బాబాయి పాత జుట్టుకు కొత్త రంగు వేసుకుని, ఒక్కొక్కళ్ళను అరగంట కూర్చోబెట్టి, గడ్డం కాస్త ఎత్తమని, కళ్ళల్లో నవ్వమని చెబుతూ ఫోటోలు తీసేవాడు. చెక్కల సందులోంచి ఆ మాటలన్నీ నాకు వినిపించేవి. తండ్రి వయసు మనిషి, నేనెందుకు వినాలి? సుత్తితో బల్ల మీద టకటకా కొట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఇక కరెంటాయన గురించి చెప్పాలి. చెప్పకపోతే మీరు నన్ను మంచిదాన్ననుకుంటారు.

ఆయన ఇళ్ళకూ షాపులకూ వైరింగ్ చేస్తాడు. వారానికోసారి ఆయన వాచీ ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది, పక్కనున్న కీ బయటికి లాగేసి తెస్తాడు. నేను కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు చూసి, "మూడ్రోజులు పడుతుందండీ," అనేదాన్ని. ఆయన వెళ్ళాక కీ లోపలికి నొక్కేదాన్ని. అంతే రిపేరు. మూడో రోజు వాచీ తీసుకోవడానికి వస్తూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి బల్ల మీదికి మెడ వంచే లైటు. ఒకసారి కౌంటరు మీదికి గంట, నాన్న నన్ను పిలవడానికి అరవక్కర్లేకుండా. వానలు మొదలయ్యాక కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న హీటరు. అన్నిటికీ ఒకటే మాట: "ఒకచోట పని చేస్తే మిగిలిపోయిందండీ." మిగిలిపోయిన వస్తువు అట్టపెట్టెకు టేపు కూడా తియ్యకుండా మిగులుతుందా?

ఒకరోజు స్క్రూడ్రైవరు వైపు చూస్తూ అడిగాడు. "మీ పెద్దవాళ్ళతో ఒక మాట మాట్లాడొచ్చా?"

నాకు ముప్పై మూడు. ఆయనంటే నాకిష్టం, అది దాచడం దేనికి? కానీ నేను ఈ బల్ల మీంచి లేచి వెళ్ళిపోతే, ఆ వణికే చేతులతో నాన్న షాపు ఒక్కరోజు నడవదు. ఆ మాట నాన్న చెవిన పడేలా ఎలా అనను? అందుకని నోటికొచ్చింది అనేశాను: "మా బాబాయికే ఇంకా పెళ్ళి కాలేదండీ. పెద్దాయన ఉండగా మా ఇంట్లో నాకు చెయ్యరు." మా ఇంట్లో అలాంటి నియమం ఏమీ లేదు. ఆయన "అలాగా" అని తలూపి, మరుసటి వారం మళ్ళీ ఆగిన వాచీతో వచ్చాడు. హీటరు ఆ తర్వాత వచ్చిందే. నేను దాన్ని అబద్ధం అనుకోలేదు, కాస్త వాయిదా అనుకున్నాను.

వానలు ముదిరాయి. ఒకరోజు బాబాయి తడిసి ముద్దయి వచ్చి, అద్దం లోపల ఆవిరి పట్టిన వాచీ ఒకటి నా బల్ల మీద పెట్టాడు. "మా ఫ్రెండుదిరా. తడిసింది, చూడు." మర్నాడు ఇంకోటి. రెండ్రోజులకు మరోటి. మూడో వాచీ మూత విప్పగానే లోపల నా గీత కనిపించింది, ఇంకా మెరుస్తోంది. హెడ్ నర్సు వాళ్ళ నాన్న వాచీ. దానికి బెల్టు వేసింది నేనే.

మూడూ చేత్తో పట్టుకుని అడ్డగోడ పక్కనుంచి స్టూడియోలోకి వెళ్ళాను. బాబాయి జలపాతం బొమ్మ ఉన్న పరదా ముందు స్టూలు మీద కూర్చుని తల తుడుచుకుంటున్నాడు.

"ఏ ఫ్రెండు?"

తేలు కుట్టిన దొంగలా తల ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు.

"ఎంతమంది ఫ్రెండ్సు?"

మూడు వేళ్ళు చూపించాడు.

మెల్లగా బయటికొచ్చింది. మొదట లైబ్రరీ మేడం అడిగిందట, అన్నది వాచీ షాపు, మీ చేతికి వాచీ లేదేంటని. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, మా నాన్న వాచీ అన్నయ్య కాజేశాడు, అప్పట్నుంచి ఈ చేతికి వేరే వాచీ పెట్టబుద్ధి కాలేదు అన్నాడట. ఆవిడ కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కుండా వాచీ తెచ్చింది. కథ బాగా పనిచేసిందని టైపిస్టుకు కూడా చెప్పాడు. ఆవిడకు ఇంకా బాగా పనిచేసింది. సోమవారం ఒకరితో టీ, బుధవారం ఒకరితో నడక, శుక్రవారం నర్సు. ఏ రోజు వాచీ ఆ రోజు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా బాబాయ్? నాన్న నీకేం చేశాడు? రోజూ ఆయన పక్కన కూర్చునేగా తింటున్నావ్!"

"నేను అడగలేదురా. వాళ్ళే ఇచ్చారు. ఇస్తే వద్దంటే బాధపడరూ?"

"అబద్ధం చెప్పి తీసుకోవడాన్ని మోసం అంటారు."

"మోసం అంటే ఏదైనా నష్టం ఉండాలి. నేను వాళ్ళకి మంచి మాటలు చెప్పాను, మంచి ఫోటోలు తీశాను. వాళ్ళు సంతోషంగా ఇంటికెళ్ళారు. ఇందులో ఎవరికేం పోయింది?"

"నాన్న పరువు పోయింది!"

నేను చెప్పేశాను: వాచీలు నా దగ్గరే ఉంటాయి. వానలు తగ్గేలోగా ముగ్గురికీ నిజం చెప్పి, ఎవరిది వాళ్ళకి నువ్వే ఇచ్చెయ్. లేకపోతే నేను చెబుతా.

"ఇద్దరికి చెబుతాలే," అన్నాడు. "హెడ్ నర్సుకి మాత్రం చెప్పలేను."

"ఏం?"

"చెబితే మళ్ళీ రాదు." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎన్నడూ చూడలేదు ఆయన్నలా. నాకు జాలేసింది, ఆ జాలికి ఇంకా ఒళ్ళు మండింది. వాచీలు తెచ్చి బల్ల అడుగు సొరుగులో పడేశాను.

అదే నేను చేసిన పొరపాటు. అది ఎవరూ తీసుకెళ్ళని వాచీల సొరుగు.

వానాకాలం చివర్లో మా షాపులో ఒక పద్ధతి ఉంది. రిపేరయ్యాక ఎవరూ రాని వాచీలన్నిటినీ తుడిచి, కీ ఇచ్చి, ముందు అద్దంలో దండెం కట్టి వేలాడదీస్తాం. దారిన పోయేవాళ్ళు తమది చూసి గుర్తుపట్టి లోపలికొస్తారు. అది నాన్న తాను తప్ప ఎవర్నీ చెయ్యనివ్వని పని. ఆ రోజు నేను విడిభాగాల కోసం బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి కరెంటాయన నిచ్చెనెక్కి, ముందు అద్దం పైన వానకు కాలిపోయిన లైటు మారుస్తున్నాడు. కింద నాన్న ఆ వెలుతురులో మురిసిపోతూ నిలబడ్డాడు. తొమ్మిది వాచీలు వరసగా వేలాడుతున్నాయి. ఆ వరసలో బాబాయివి మూడు.

"నాన్నా!" అనేలోపే తలుపు తోసుకుని టైపిస్టు వచ్చింది. ఆఫీసులు వదిలే వేళ, బస్టాపు ఎదురుగానే.

"ఆ మూడోది. అది ఇక్కడికెలా వచ్చింది?"

"ఎవరూ తీసుకెళ్ళలేదమ్మా, అందుకని పెట్టాం," అన్నాడు నాన్న.

"తీసుకెళ్ళలేదా, మీరు లాక్కున్నారా? తండ్రి వాచీ చాల్లేదా మీకు? ఆ అమాయకుడి చేతికి ఎవరో ఒకరు వాచీ పెడితే అదీ ఓర్వలేకపోయారా?"

ఆ గొంతుకు లైబ్రరీ మేడం బస్టాపులోంచి పరుగెత్తుకొచ్చింది. అద్దంలోకి చూసింది. "అయ్యో! నా వాచీ కూడా!" ఆ వెనకే హెడ్ నర్సు. ఆ రోజు శుక్రవారం. ఆవిడేమీ అనలేదు. తండ్రి వాచీ కేసి చూస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

నాన్న ముగ్గుర్నీ చూశాడు. వాచీలు చూశాడు. తర్వాత అడ్డగోడ వైపు చూశాడు. చెక్కల సందులో ఒక కన్ను కనిపిస్తోంది. నలభై ఏళ్ళు వాచీల్లో లోపాలు పట్టిన మనిషికి ఆ కంట్లో లోపం పట్టడానికి ఎంతసేపు పడుతుంది?

"తప్పయిందమ్మా," అన్నాడు. "నేనే తీసుకున్నాను. తీసుకెళ్ళండి. వాణ్ణేమీ అనకండి."

దండెం మీంచి వాచీలు తియ్యబోయాడు. చేతులు వణికి కొక్కెం ఊడి రాలేదు. రెండోసారీ రాలేదు.

"ఈ చేతులతోనా తీసుకున్నారు?" అంది హెడ్ నర్సు మెల్లగా.

అప్పుడు బాబాయి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా కౌంటరు వెనక్కెళ్ళి, నాన్న సొంత సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన వాచీ తీశాడు. "ఇది మా నాన్న వాచీ. అన్నయ్య దీన్ని నాకే ఇచ్చాడు. పాతది, నాకొద్దన్నది నేను. మీకు చెప్పిందంతా అబద్ధం." విప్పి చూసి ఆగిపోయాడు. వాచీ నడుస్తోంది. టైము సరిగ్గా ఉంది. "దీనికి కీ ఎవరిస్తున్నారు?"

"రోజూ పొద్దున నేనే ఇస్తున్నా," అన్నాడు నాన్న. "నువ్వెప్పుడైనా అడుగుతావేమోనని."

బాబాయి ముక్కు చీదుకున్నాడు. మొదట తేరుకున్నది టైపిస్టే. లైబ్రరీ మేడం వైపు తిరిగి, "ఇంతకీ మీరు వాచీ ఎవరికిచ్చారు?" అంది.

"ఈయన తమ్ముడికి."

"ఏ తమ్ముడికి? ఈయనకి ఎంతమంది తమ్ముళ్ళు?"

"ఒక్కడే అమ్మా," అన్నాడు నాన్న.

ఇక చూడాలి. లైబ్రరీ మేడం తడి గొడుగు మూసి చేత్తో పట్టుకున్న తీరు చూసి బాబాయి పనిబల్ల వెనక్కి చేరాడు. టైపిస్టు ఆవిణ్ణి ఆపింది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా మోసం కేసులు టైపు కొడుతోంది, పద్ధతి ప్రకారం జరగాలంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మోసం అనాలంటే అబద్ధం చెప్పాలి. చెప్పాడు. అది నమ్మి అవతలివాళ్ళు వస్తువు ఇవ్వాలి. ఇచ్చాం. ఇంకేం కావాలి?"

"ప్రేమ అబద్ధం కాదండీ," అన్నాడు బాబాయి బల్ల వెనకనుంచి.

"ముగ్గురి మీదా?"

"రోజులు వేరు కదండీ..."

గొడుగు మళ్ళీ లేచింది. నాన్న మధ్యలోకి వచ్చి, "మీరు కూర్చోండమ్మా, మంచినీళ్ళు తాగండి," అన్నాడు. ఈసారి లైబ్రరీ మేడం నాన్న చూపించిన కుర్చీలోనే కూర్చుంది.

"ఒక్కటే ప్రశ్న," అంది టైపిస్టు. "ఆ అబద్ధం చెప్పకపోయినా ఇచ్చేవాళ్ళమా? ఇవ్వమంటే అది మోసం. ఇచ్చేవాళ్ళమంటే కాదు. నేనైతే ఇవ్వను. జాలిపడి ఇచ్చాను."

"నేనూ అంతే," అంది లైబ్రరీ మేడం. "చిన్నప్పటి కథ అంత బాగా చెప్పాడు మరి. పుస్తకాల్లో కూడా అంత బాగా ఉండదు."

ఇద్దరూ హెడ్ నర్సు వైపు చూశారు. ఆవిడ వాళ్ళ నాన్న వాచీ గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది.

"ఫోటోకి వచ్చినరోజు నా మొహం మీద మాస్కు గుర్తులున్నాయి," అంది. "ఎక్కడైనా అలాగే తీసి పంపేస్తారు. ఈయన ఆ గుర్తులు పోయేదాకా గంటసేపు కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నా కోసం ఎవరూ గంటసేపు ఆగలేదు. వాచీ కథ చెప్పకపోయినా నేను ఇచ్చేదాన్నే." కళ్ళు తుడుచుకుంది. "అందుకే నాకు మీ ఇద్దరికంటే ఎక్కువ మండుతోంది."

వాచీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. బాబాయి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నేను ఊరుకుంటే బావుండేది. కానీ నాకు నోరు ఊరుకోదు. "చూశావా బాబాయ్! నీ సరదాకి ఒక మంచి మనిషి ఏడ్చింది. ప్రేమ పేరు చెప్పి వస్తువులు తీసుకోవడానికి సిగ్గుండాలి!"

బాబాయి తలెత్తాడు. "నీ బల్ల మీద లైటు ఎక్కడిదిరా?"

"ఏంటి?"

"కాళ్ళ దగ్గర హీటరు? ఆ గంట? బాబాయి పెళ్ళయితేగానీ నాకు చెయ్యరని చెప్పావటగా. నాకు ఒక్క సంబంధమైనా ఎప్పుడు చూశార్రా మీరు? ఏ లోపం లేని వాచీకి వారానికో గీత గీస్తున్నావ్. నీది ఏ సెక్షన్ కిందికొస్తుందో ఆవిణ్ణడుగు."

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. తెలిసిన రోజు ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఎందుకంటే నిచ్చెన మీద మనిషున్న సంగతి అప్పటిదాకా అందరం మరిచిపోయాం. ఆయన పైన లైటు బిగించడం ఎప్పుడో అయిపోయింది. ఇంత గొడవలో దిగితే బావుండదని అక్కడే ఉండిపోయినట్టున్నాడు. ఇప్పుడు మెల్లగా దిగాడు. నిచ్చెన మడిచాడు. "లైటు వెలుగుతోందండీ," అని నాన్నకు చెప్పి, తల దించుకుని నిలబడ్డ నన్ను పలకరించకుండా వెళ్ళిపోయాడు. ఆ వారం రిపేరుకిచ్చిన ఆయన వాచీ నా దగ్గరే ఉండిపోయింది.

టైపిస్టు తీర్పు చెప్పింది: అందరి ముందూ తిట్టించిన మనిషికి అందరి ముందే పరువు తిరిగివ్వాలి. నాన్న ఫోటో నిలువెత్తున తీసి స్టూడియో అద్దంలో, బస్టాపుకు ఎదురుగా పెట్టాలి. కింద 'ఈయన మా అన్నయ్య. ఏమీ తీసుకోలేదు' అని రాయాలి. బాబాయి చిత్తం అన్నాడు. మర్నాడు ఫోటో వేలాడింది. అమ్మ రోడ్డు దాటి వెళ్ళి బస్టాపులోంచి చూసి వచ్చి, "ఇన్నాళ్ళూ ముగ్గురికే అనుమానం. ఇది చదివితే ఊరందరికీ వస్తుంది," అంది.

వానలు వెళ్ళి చలి మొదలైంది. బాబాయి తాత వాచీ చేతికి పెట్టుకుని ప్రతి శుక్రవారం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడేవాడు. లోపలికి వెళ్ళడు, మాట్లాడడు. డ్యూటీ దిగి ఆవిడ వచ్చేదాకా గంట, ఒక్కోసారి రెండు గంటలు. ఆవిడ పక్కనుంచి నడిచిపోయేది. నాలుగో శుక్రవారం ఆవిడే షాపుకు వచ్చింది. వాళ్ళ నాన్న వాచీని ఈసారి మా నాన్న చేతిలోనే పెట్టి, "నన్ను క్షమించండి, పెద్దవారు," అంది. తర్వాత బాబాయిని చెయ్యి చాపమంది. తాత వాచీ చూస్తూ, ఆ వాచీ ఉన్న చెయ్యే పట్టుకుని నాడి లెక్కపెట్టింది.

"బాగా వేగంగా ఉంది," అంది. "ఇదొక్కదాంట్లో మీరు అబద్ధం ఆడలేరు."

ఇంకో నెలకు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. సాక్షి సంతకాలు మూడు. ఒకటి నాన్నది, ఒకటి నాది, ఒకటి టైపిస్టుది. ఆవిడ సంతకం పెట్టేముందు కాగితం మొత్తం రెండుసార్లు చదివింది.

అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. కానీ ఆ నిచ్చెన మడిచిన రోజునుంచి కరెంటాయన మా షాపు గుమ్మం తొక్కలేదు. చలి పెరిగింది. నేను హీటరు వేసుకోలేదు. ఏ మొహం పెట్టుకుని వేసుకోను? పెద్దాయన పెళ్ళయితేగానీ అన్న నా వాయిదా కూడా అయిపోయింది. దాక్కోవడానికి ఇంకే గోడా లేదు.

పెళ్ళి మర్నాడు కరెంటాయన వాచీ తీసి, తుడిచి, ముందు అద్దంలో వేలాడదీశాను. అదొక్కటే. కాలం కాని కాలంలో దండెం కట్టినా నాన్న ఎందుకని అడగలేదు.

మూడో రోజు సాయంత్రం కౌంటరు మీద గంట మోగింది.

"అద్దంలో ఉన్నది నాదేనండీ," అన్నాడు కరెంటాయన.

వాచీ తెచ్చి బల్ల మీద పెట్టాను. వెనక మూత విప్పాను. లోపల పదకొండు గీతలు. "ఇది పాడవలేదండీ," అన్నాను. "ఎప్పుడూ పాడవలేదు. కీ లోపలికి నొక్కుతున్నానంతే."

"తెలుసండీ. లాగేది నేనేగా."

"మా ఇంట్లో అలాంటి నియమం కూడా లేదు. బాబాయి గురించి అన్నది అబద్ధం."

"అదీ తెలుసు. మీరు చెప్పిన మర్నాడే మీ బాబాయిని అడిగాను. 'నా పెళ్ళికీ దాని పెళ్ళికీ ఏం సంబంధమయ్యా' అన్నాడు."

"మరి తెలిసి తెలిసి అవన్నీ ఎందుకు తెచ్చారు?"

ఆయన బల్ల కింద నా కాళ్ళ వైపు చూశాడు. "ఈ గచ్చు బాగా చల్లగా ఉంటుంది కదండీ."

టైపిస్టు ప్రశ్నకు అంతకంటే సూటిగా ఎవరు జవాబు చెప్పగలరు? నాకు కళ్ళు మసకబారాయి, కంటి అద్దం పెట్టుకుని దాచుకున్నాను. "మరి ఇన్నాళ్ళూ రాలేదేం?"

"ఆ రోజు మీరు తల ఎత్తలేదు. ఎత్తేదాకా ఆగుదామని."

ఇక దాచి లాభం లేదు. గొంతు తగ్గించి చెప్పేశాను. "నాన్న చేతులు చూశారుగా. నేను వెళ్ళిపోతే ఈ షాపు ఏమైపోతుంది? నిజం అదీ. నాన్నకి వినపడకూడదని ఏదేదో చెప్పాను."

"మిమ్మల్ని ఎక్కడికి రమ్మన్నానండీ?" ఆయన నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "వచ్చేది నేనేగా. మూడు నెలలు వారానికోసారి వచ్చా. ఇకనుంచి రోజూ వస్తా, అంతేగా."

కౌంటరు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న మా వైపు వీపు పెట్టుకునే కూర్చుని ఉన్నాడు. "అమ్మాయ్," అన్నాడు తిరక్కుండానే. "నా చేతులు వణుకుతున్నాయిగానీ చెవులు బాగానే ఉన్నాయి. ఆయనకి కుర్చీ వెయ్యి. ముందు ఆ హీటరు వెయ్యి, నీ కాళ్ళు చూళ్ళేకపోతున్నా."

వంగి హీటరు వేశాను. కుర్చీ వేశాను. వాచీ కీ లోపలికి నొక్కి, మూత బిగించి ఆయన చేతికిచ్చాను. సూది పక్కనే ఉంది, అయినా గీత గియ్యలేదు. బాగుచెయ్యని వాచీకి గుర్తు పెట్టడం మా ఇంటి అలవాటు కాదు. అంతకుముందు గీసిన పదకొండూ దొంగ గీతలే.